మీటప్ అయిపోయాక ఎవరూ ఇంటికి వెళ్లకపోతే

(హన్మకొండలో సొంతంగా ఒక టెక్ గ్రూపు మొదలుపెట్టాలనుకుంటున్న విద్యార్థులు, ఉద్యోగుల ముందు ఒక శనివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో వచ్చిన ప్రశ్నల్లో మూడింటిని కూడా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి, మొదటి రెండు వరుసలూ ఖాళీగానే ఉన్నాయి. మన దగ్గర మొదటి వరుస పెళ్లిలో తప్ప ఎక్కడా నిండదు.

నన్ను పిలిచినవాళ్లు "కమ్యూనిటీని ఎలా నిర్మించాలి" అనే అంశం ఇచ్చారు. అంత పెద్ద మాట నాకు నప్పదు. నేను చేసేది చిన్న పని. హైదరాబాద్‌లో నెలకోసారి క్లౌడ్ గురించి, అంటే ఇంటర్నెట్‌లో అద్దెకి దొరికే కంప్యూటర్ల గురించి జరిగే ఒక మీటప్‌కి హాలు వెతకడం, ఆఫీసు సెక్యూరిటీ వాళ్లకి వచ్చేవాళ్ల పేర్లు ముందే పంపడం, ప్రొజెక్టర్‌కి సరిపోయే కేబుల్ ఎవరి బ్యాగులో ఉందో కనుక్కోవడం. ఆదివారాలు వేరే గుంపుతో గుట్టలెక్కుతాం, అక్కడ నా పని ఎక్కినవాళ్లంతా దిగారా లేదా అని తలలు లెక్కపెట్టడం. ఈ రెండింటికీ సంబంధం లేదని చాలామంది అనుకుంటారు, ఒకటి ఏసీ గది, ఇంకోటి ఎండ. నాకు మాత్రం రెండింట్లో ఒకటే విషయం కనిపిస్తుంది, ఈ సాయంత్రం అదొక్కటే చెబుతాను.

మీటప్‌లో స్టేజీ మీద చెప్పేదంతా యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఇంకా బాగా దొరుకుతుంది, ఆపుకుంటూ చూడొచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు, చెప్పేవాడు కూడా మనకంటే పెద్దవాడు. అయినా శనివారం పూట బస్సెక్కి, ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని మనుషులు ఎందుకొస్తున్నారు? ప్రసంగం అయిపోయాక మెట్ల దగ్గర, చాయ్ దగ్గర, పార్కింగ్‌లో బండి స్టాండు తియ్యకుండానే ఇంకో అరగంట మాట్లాడుకునేదాని కోసం. గ్రూపు నడిపేవాళ్లలో ఎక్కువమంది ఆ అరగంటని లెక్కలోకే తీసుకోరు. స్పీకర్ ఎవరు, స్లైడ్లు వచ్చాయా, బ్యానర్ ప్రింటయిందా, స్పాన్సర్ లోగో సరైన సైజులో ఉందా, టెన్షన్ అంతా దీని మీదే. ఆ అరగంట ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు అన్నట్టు వదిలేస్తారు. నేనేమంటానంటే, ముందు ఆ అరగంటకి ప్లాన్ చెయ్యండి, ప్రసంగాన్ని దాని చుట్టూ పెట్టుకోండి.

ఉదాహరణ చెబుతాను. 2025 దీపావళి గుర్తుందా, అక్టోబర్ 20. మన టైం ప్రకారం మధ్యాహ్నం పన్నెండు దాటాక అమెజాన్ వాళ్ల క్లౌడ్‌లో, అమెరికాలోని వర్జీనియా రీజియన్, అంటే అక్కడున్న వాళ్ల సర్వర్ల కేంద్రం, పడిపోయింది. స్నాప్‌చాట్, సిగ్నల్ లాంటివి కూడా ఆగిపోయాయి. తర్వాత అమెజాన్ వాళ్లే వివరంగా కారణం రాశారు. డైనమోడీబీ అనే వాళ్ల డేటాబేస్ సర్వీసుకి డీఎన్ఎస్ రికార్డులు, అంటే ఏ పేరు ఏ అడ్రస్‌కి పోవాలో చెప్పే రికార్డులు, రాసే ఆటోమేషన్ ఒకటి ఉంది, అందులో ఒకే పని చేసే రెండు ప్రోగ్రాములు ఒకదాని మీద ఒకటి రాసుకున్నాయి. వెనకబడిపోయిన పాత ప్లాన్ వచ్చి కొత్త ప్లాన్ మీద కూర్చుంది, ఇది పాతది కదా అని శుభ్రం చేసే ప్రోగ్రాం దాన్ని తుడిచేసింది, చివరికి ఆ రీజియన్‌లో డైనమోడీబీ అడ్రస్ రికార్డు ఖాళీ అయిపోయింది. ఇంత పెద్ద వ్యవస్థకి దారి చూపే ఆ ఒక్క రికార్డులో ఏమీ లేకుండా పోయింది, అంతే.

దీని మీద తర్వాత మా మీటప్‌లో ఒకాయన చక్కగా చెప్పాడు, బొమ్మలు గీసి, బాణాలు పెట్టి. బాగుంది. కానీ ఆ రోజు నాకు గుర్తున్నది అది కాదు. అయిపోయాక మెట్ల దగ్గర ఒకమ్మాయి, అప్పటిదాకా ఒక్క ప్రశ్న అడగలేదు, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. పండగ రోజు తనదే ఆన్‌కాల్ డ్యూటీ, ఏది ఆగినా తనే చూసుకోవాలి. వాళ్ల సర్వర్లన్నీ ముంబైలో ఉన్నాయి, వర్జీనియాలో ఏమీ లేదు, మనకేం కాదులే అనుకున్నారు. తీరా చూస్తే ఎవరికైనా కొత్తగా పర్మిషన్ ఇవ్వబోతే అది పడటం లేదు, ఎందుకంటే ఐఏఎం అనే ఆ పర్మిషన్ల సర్వీసులో మార్పులు రాసుకునే భాగం వర్జీనియాలోనే ఉంటుంది. ఎమర్జెన్సీలో వాడాల్సిన అకౌంట్‌కి ముందే హక్కులు ఇచ్చి పెట్టుకోలేదు. ఇంట్లో లక్ష్మీపూజకి పిలుస్తున్నారు, ఈమె లాప్‌టాప్ ముందు కూర్చుంది. అది విన్నాక అక్కడున్న ఏడెనిమిది మందీ ఫోన్లు తీసి, తమ ఆఫీసుల్లో అలాంటి అకౌంట్ ఉందా అని మెసేజ్‌లు పెట్టడం నేను కళ్లారా చూశాను. గంట ప్రసంగం వల్ల కదలని చేతులు ఆమె పది నిమిషాల ముచ్చట వల్ల కదిలాయి. ఆమెని స్టేజీ ఎక్కి చెప్పమంటే చెప్పేది కాదు, పైగా కంపెనీ ఒప్పుకునేది కూడా కాదు.

క్లౌడ్ బిల్లుల సంగతీ అంతే. స్టేజీ మీద అందరూ ఖర్చు ఎలా తగ్గించామో చెబుతారు, చాయ్ దగ్గర ఎలా పెరిగిందో చెబుతారు. ఇక్కడ విద్యార్థులు చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడ విన్నవాటిలో రెండు మీ చెవిన వేస్తాను, ఊరికే పోవడం ఎందుకు. ఒకటి, నాట్ గేట్‌వే, లోపల దాచిన సర్వర్లు ఇంటర్నెట్‌లోకి వెళ్లే దారి. ప్రాక్టీస్ కోసం ఒకసారి పెట్టి మర్చిపోతే, దాంట్లోంచి ఒక్క బైటు పోకపోయినా గంటకింత అని పడుతూనే ఉంటుంది, అమెరికా రీజియన్‌లో గంటకి నాలుగున్నర సెంట్లు, నెల తిరిగేసరికి ముప్పై రెండు డాలర్లు దాటుతుంది. డేటా చార్జీలు మళ్లీ వేరు. రెండోది, 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో సర్వర్‌కి ఉండే చిరునామా, వాడినా వాడకపోయినా గంటకి అర సెంటు. అర సెంటే కదా అనిపిస్తుంది, పది అడ్రసులు పెట్టుకుని పరీక్షల సెలవులకి ఊరెళ్లి రండి, తెలుస్తుంది. (నవ్వులు) బిల్లింగ్ అలర్ట్ పెట్టుకోకుండా నాన్నగారి కార్డు ఇవ్వకండి. ఇవన్నీ డాక్యుమెంటేషన్‌లో ఉన్నాయి, ఎవరూ దాచలేదు, కానీ ఎవరికో తగిలిన దెబ్బ వింటే గుర్తున్నట్టు డాక్యుమెంటేషన్ చదివితే గుర్తుండదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. కంప్యూటర్ల చరిత్రలో పేరుమోసిన క్లబ్బు ఒకటుంది, హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలో, మెన్లో పార్క్ అనే ఊళ్లో, గార్డన్ ఫ్రెంచ్ అనే ఆయన ఇంటి కారు షెడ్డులో ముప్పై మంది దాకా కూడారు. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన ఆల్టెయిర్ అనే కంప్యూటర్ కిట్టుని చూడటానికి. అక్కడికి వచ్చినవాళ్లలో స్టీవ్ వోజ్నియాక్ ఒకడు, తర్వాత తన కంప్యూటర్ డిజైన్‌ని ఆ క్లబ్బులోనే కాగితాల మీద పంచిపెట్టాడు, అదే ఆపిల్ మొదటి కంప్యూటర్ అయింది. ఇదంతా మీకు తెలిసిందే అయ్యుంటుంది. నాకు నచ్చేది వాళ్లు సభ నడిపిన తీరు. జనం పెరిగాక స్టాన్‌ఫర్డ్ వాళ్ల యాక్సిలరేటర్ సెంటర్ ఆడిటోరియంకి మారారు. లీ ఫెల్సెన్‌స్టైన్ అనే ఆయన నడిపించేవాడు. మొదట ఎవరికి ఏం కావాలో, ఎవరి దగ్గర ఏముందో లేచి నిలబడి చెప్పాలి. నాకు ఫలానా చిప్ కావాలి, నా దగ్గర ఫలానా ప్రోగ్రాం ఉంది, అలా. ఎవరు ఎక్కడ కూర్చున్నారో అందరూ గుర్తుపెట్టుకుంటారు. ఆ తర్వాత సభని వదిలేసేవాడు, ఎవరికి కావాల్సినవాళ్ల దగ్గరికి వాళ్లు లేచి వెళ్లిపోవడమే, దానికి ర్యాండమ్ యాక్సెస్ అని పేరు పెట్టుకున్నారు. అది చాలక అక్కణ్ణుంచి ఓయాసిస్ అనే బీరు హోటల్‌కి పోయి మళ్లీ అక్కడ కూర్చునేవాళ్లు. అంటే ఆ మెట్ల దగ్గరి మాటలనే తీసుకొచ్చి ఆయన సభ మధ్యలో పెట్టాడు. యాభై ఏళ్లయింది, ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు.

మన దగ్గరా ఇలాంటిది ఒకటి జరిగింది, అది చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే ఈ ఊరికి దాంతో సంబంధముంది. 1921 నవంబరు, హైదరాబాద్‌లో వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ. అధ్యక్షుడు సంఘ సంస్కర్త కార్వే గారు. ఇంగ్లీషులో మాట్లాడినా విన్నారు, ఉర్దూ, మరాఠీ సరేసరి. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టేసరికి గోల చేసి, ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. సభలో ఏం తీర్మానాలు చేశారో ఇవాళ చరిత్ర చదివేవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. కానీ అదే రాత్రి టేకుమాల రంగారావు గారింట్లో పది పన్నెండు మంది కూర్చున్నారు, మాడపాటి హనుమంతరావు గారు లాంటివాళ్లు, అక్కడ పుట్టింది తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జనసంఘం. అది పెరిగి పెరిగి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ అయింది. ఆ తర్వాత తెలంగాణలో జరిగిన కథ మీ తాతలని అడగండి, నాకంటే బాగా చెబుతారు.

వాళ్లు సభలు పెట్టుకోవడం మనంత సులువు కాదు. గస్తీ నిషాన్ 53 అని నిజాం సర్కారు ఉత్తర్వొకటి ఉండేది, అనుమతి లేనిదే సభ లేదు. అందుకని గ్రంథాలయాల్లో కలిసేవాళ్లు, పుస్తకం చదువుకోవడానికి వచ్చామంటే సరిపోయేది. మీ హన్మకొండలో 1904లో పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం ఉంది, మీలో ఎంతమంది లోపలికి వెళ్లారు? చెయ్యెత్తండి. ముగ్గురు. సరే, మొదటి మీటప్‌కి హాలు దొరకలేదని ఎవరూ నాకు చెప్పొద్దు.

హాలు సంగతి వచ్చింది కాబట్టి. హైదరాబాద్‌లో కంపెనీలు శనివారం ఖాళీగా ఉన్న కాన్ఫరెన్స్ గదులిస్తాయి, మంచిదే, ప్రొజెక్టర్ ఉంటుంది, బాత్రూంలు శుభ్రంగా ఉంటాయి. కాకపోతే గేటు దగ్గర ఐడీ కార్డు, లాప్‌టాప్ నంబరు, విజిటర్ పాసు, లిస్టులో పేరు లేనివాడు ఎంత దూరం నుంచి వచ్చినా వెనక్కే. ఒకసారి ఒక పెద్ద కంపెనీలో సెక్యూరిటీ వాళ్లు సాయంత్రం ఆరు కాగానే లైట్లు ఆర్పేశారు, ప్రశ్నలు అడుగుతున్నవాళ్లు చీకట్లోనే అడిగారు. ఇలాంటి చోట ప్రసంగం బాగానే జరుగుతుంది, తర్వాతి అరగంటే చచ్చిపోతుంది, ఎందుకంటే అందరినీ లిఫ్టులో ఎక్కించి బయటికి పంపేస్తారు. బంజారాహిల్స్‌లో 2010 నుంచి లమకాన్ అని ఒక చోటు నడుస్తోంది, పాత ఇంటి ఆవరణ, మధ్యలో రాయి, పక్కనే చాయ్ సమోసా. అక్కడ ప్రొజెక్టర్ మీద ఎండ పడుతుంది, పక్కన ఇంకెవరో నాటకం రిహార్సల్ చేస్తుంటారు, అయినా అక్కడ పెట్టిన మీటింగులకి జనం రాత్రి దాకా కదలరు. నన్నడిగితే హాలుకన్నా ముందు హాలు బయట కూర్చోవడానికి అరుగుందా అని చూసుకోండి.

ఇక టైం. మీరు మొత్తం రెండున్నర గంటలు పెట్టుకుంటే ప్రసంగానికి నలభై నిమిషాలు చాలు, ఒకటే ప్రసంగం. నాలుగు పెట్టకండి. నాలుగు పెడితే నాలుగో ఆయన మాట్లాడేటప్పుడు మిగిలేది ఆయన ఫ్రెండ్స్, మీరు. స్పాన్సర్ మాట్లాడతానంటే రెండు నిమిషాలు, గడియారం చూపించి. కంపెనీ హెచ్ఆర్ వాళ్లు ఉద్యోగాలున్నాయని చెప్పుకోవచ్చు, అదీ అవసరమే, కానీ మైకు వాళ్ల చేతికిచ్చారంటే తిరిగి రాదు. రిజిస్టర్ చేసుకున్నవాళ్లలో సగం మంది వస్తే గొప్ప, ఉచితం అన్నచోట ఇంకా తక్కువ, ఆ లెక్కన సమోసాలు చెప్పండి. ఆ లిస్టు మీ దగ్గర కూడా ఒక కాపీ పెట్టుకోండి. మీటప్ అనే సైటుంది చూశారా, 2002లో న్యూయార్క్‌లో మొదలైంది, సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఊళ్లో జనం పక్కింటివాళ్లతో మాట్లాడుకోవడం చూసి పెట్టారట. 2017లో ఆఫీసులు అద్దెకిచ్చే వీవర్క్ కంపెనీ కొనుక్కుంది, 2020లో చేతులు మారింది, 2024లో ఒక ఇటలీ కంపెనీ కొనుక్కుంది. మీ గ్రూపు పేర్లన్నీ అక్కడే ఉంటే, ఆర్గనైజర్ ఫీజు పెంచినా కట్టాల్సిందే.

భాష గురించి ఒక మాట. ఇందాక చెప్పిన 1921 కథ ఊరికే చెప్పలేదు. మన మీటప్‌లలో ప్రసంగం ఇంగ్లీషు, ప్రశ్నలు ఇంగ్లీషు, అందుకే ప్రశ్నలు రావు. చాయ్ దగ్గరికి రాగానే అదే కుర్రాడు "అన్నా, ఆ సబ్‌నెట్ దగ్గర నాకు అర్థం కాలే" అంటాడు. అంటే డౌటు ఉంది, ఇంగ్లీషులో అడగడానికి మొహమాటం. మీరు హన్మకొండలో పెడుతున్నారు, నిక్షేపంగా తెలుగులో పెట్టుకోండి. సబ్‌నెట్‌ని సబ్‌నెట్ అనే అనండి, దానికి తెలుగు మాట తయారుచేసి ఎవర్నీ ఇబ్బంది పెట్టక్కర్లేదు, వాక్యం తెలుగులో ఉంటే చాలు. వేరే రాష్ట్రం వాళ్లుంటే పక్కనున్నవాళ్లు చెబుతారు, ఆ వంకతో పరిచయం కూడా అవుతుంది.

ఇప్పుడు గుట్టల సంగతి. క్లౌడ్ గ్రూపుకి ట్రెక్ ఎందుకు అని మీరు నవ్వుకోవచ్చు. మన ఐటీలో కొత్తవాణ్ణి చూడగానే అడిగే ప్రశ్నలు నాలుగు: ఏ కాలేజీ, ఏ కంపెనీ, సర్వీసా ప్రోడక్టా, ప్యాకేజీ ఎంత. ఊళ్లో పెద్దవాళ్లు "మీ ఇంటిపేరేంటి బాబూ" అని అడిగి ఏం తెలుసుకుంటారో, వీళ్లూ దీంతో అదే తెలుసుకుంటారు. ఆ తర్వాత ఎవరితో ఎంతసేపు మాట్లాడాలో తేలిపోతుంది. హాల్లో ఇది తప్పదు, మెడలో ట్యాగు ఉంటుంది కదా. గుట్ట మీద ట్యాగు ఉండదు. ఎవడి దగ్గర నీళ్లున్నాయి, ఎవడు చెయ్యిచ్చి పైకి లాగాడు, అదే గుర్తుంటుంది. కింద ఆఫీసులో వైస్ ప్రెసిడెంట్ అయిన ఆయన రాయి మీద నాలుగు కాళ్లతో పాకుతుంటే, వెనకాల ఇంటర్న్ షూ ఎక్కడ పెట్టాలో చెబుతుంటాడు. సోమవారం ఆ ఇంటర్న్ ఆయనకి ధైర్యంగా మెసేజ్ పెడతాడు. మీటప్‌లో రెండేళ్లు పక్కపక్కన కూర్చున్నా ఇది జరగదు.

మనకిది కొత్తా? కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు మనకి ఎప్పటి నుంచో ఉన్నాయి. ఊరంతా కదిలి తోటలోకి పోయి వండుకుని తిని రావడం. కాకపోతే ఈమధ్య పేపర్లో చూడండి, కార్తీక మాసం వస్తే ఫలానా కులం వనభోజనాలు, ఫలానా కులం వనభోజనాలు, ముఖ్య అతిథి ఎమ్మెల్యే గారు. చెట్టు అదే, విస్తళ్లు మాత్రం వేరు. నాకిది అస్సలు నచ్చదు, మొహమాటం లేకుండా చెబుతున్నాను. మీ గ్రూపు పెట్టే వనభోజనంలో ఇంటిపేర్లు తెలియనివాళ్లు పక్కపక్కన కూర్చుని తింటే, మీ మీటప్ ఇంకేమీ సాధించకపోయినా నాకు చాలు.

మీ చుట్టుపక్కల ఎన్ని చోట్లున్నాయో చూస్తే నాకు కుళ్లుగా ఉంటుంది. మేం హైదరాబాద్ నుంచి అనంతగిరికి పోవాలన్నా, భువనగిరికి పోవాలన్నా ముందు ఊరు దాటడానికే పొద్దెక్కుతుంది. మీకు కోట ఊళ్లోనే ఉంది. పాండవుల గుట్ట పోయారా? రేగొండ దగ్గర, ఆదిమానవులు రాళ్ల మీద వేసిన రంగు బొమ్మలున్నాయి. పాకాల చెరువు గణపతిదేవుడి కాలంనాటిది, చుట్టూ అడవి, అభయారణ్యం కాబట్టి అటవీశాఖ వాళ్ల పద్ధతులు కనుక్కుని వెళ్లండి. రామప్ప సరే, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. భువనగిరి కూడా తక్కువేం కాదు, గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు కదా, 2014 మే 25న, వాళ్లు మొదట రాళ్లెక్కడం నేర్చుకున్నది ఆ గుట్ట మీదే. అప్పటికి పూర్ణకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

సరదా సరే, ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడాలి. అదే 2014లో జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోల కోసం దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఇరవై నలుగురు కొట్టుకుపోయారు, వాళ్లతో వెళ్లిన టూర్ మనిషి కూడా. పైన లార్జి డ్యాం నుంచి నీళ్లు వదిలారు. నది అప్పటిదాకా రాళ్లు తేలి ప్రశాంతంగా ఉంది. మీటప్‌లో ఏదైనా తప్పు జరిగితే ప్రొజెక్టర్ ఆగుతుంది, బయట తప్పు జరిగితే ఇంటికి ఫోన్ చెయ్యాల్సి వస్తుంది. అందుకని కొన్ని విషయాల్లో నేను ఎవరి మాటా వినను. ముందు ఒకరు, చివర ఒకరు దారి తెలిసినవాళ్లు నడుస్తారు. చివర నడిచేవాడి వెనక ఎవరూ ఉండకూడదు, ఫొటో కోసమైనా సరే. తలలు మూడుసార్లు లెక్కపెడతాం, బస్సు ఎక్కేటప్పుడు, పైన, దిగాక. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఒక్కో సీసాకీ పేరు రాసుకోండి, ఖాళీ సీసా మళ్లీ మీ బ్యాగులోనే రావాలి. మార్చి దాటితే ఉదయం తొమ్మిదిన్నరకల్లా కిందికి దిగిపోవాలి, మన రాయి వేడెక్కితే చెప్పులు కూడా నిలవవు. చెరువులోకి, క్వారీ గుంటల్లోకి దిగడం ఉండదు, ఈత వచ్చినా ఉండదు, ఈత వచ్చినవాళ్లే ముందు దిగుతారు కాబట్టి. సెంట్లు కొట్టుకుని రావద్దు, గుట్టల చరియల కింద పెద్ద తేనెపట్లుంటాయి, ఆ ఈగలు లేచాయంటే పరిగెత్తడానికి గుట్ట మీద చోటుండదు. పొగ పెట్టడం, సిగరెట్ కాల్చడం కూడా ఇందుకే వద్దు. మందు తెచ్చినవాడు మళ్లీ రాడు. ఈ మాట గ్రూపు మొదలుపెట్టిన రోజే చెప్పెయ్యండి, తర్వాత చెబితే మనసులు నొచ్చుకుంటాయి.

ఇక ఎవరైనా అడగండి.

ప్రశ్న: అన్నా, డబ్బులు ఎట్లా? స్పాన్సర్ లేకుండా నడపొచ్చా?

నడపొచ్చు. మనిషికి యాభై రూపాయలు పెట్టండి, చాయ్ సమోసా వస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది, యాభై కట్టినవాడు వస్తాడు, ఉచితం అన్నవాడు నిద్రపోతాడు. లెక్క మాత్రం ఆ సాయంత్రమే గ్రూపులో పెట్టెయ్యండి, మిగిలిన ముప్పై రూపాయలతో సహా. నేను చూసినంతలో గ్రూపులు చీలేది టెక్నాలజీ గొడవల వల్ల కాదు, ఆ ముప్పై రూపాయలు ఏమయ్యాయి అనే దగ్గర. స్పాన్సర్ వస్తే హాలు, తిండి తీసుకోండి, నగదు తీసుకోకండి.

ప్రశ్న: మా కాలేజీలో పెడితే మేనేజ్‌మెంట్ సెకండియర్ వాళ్లందర్నీ పంపిస్తామంటోంది, రెండొందల మంది వస్తారు. మంచిదే కదా?

అటెండెన్స్ కోసం వచ్చిన రెండొందల మంది కంటే తనంతట తాను వచ్చిన పద్దెనిమిది మంది నయం. రెండొందల మందిలో ఆ పద్దెనిమిది మంది ఒకరికొకరు కనిపించరు, వెనక వరుసలో రీల్స్ చూసేవాళ్ల మధ్య ఇరుక్కుపోతారు. మేనేజ్‌మెంట్‌ని నొప్పించలేం అంటారా, సరే, ఒక పెద్ద సభ వాళ్ల కోసం పెట్టండి, శాలువా, బొకే అన్నీ కానివ్వండి, జ్యోతి ప్రజ్వలన కూడా. ఆ రోజే మైకులో చెప్పండి, వచ్చే శనివారం ఇదే టైంకి లైబ్రరీ వెనక కలుస్తున్నాం, అటెండెన్స్ ఇవ్వం, సర్టిఫికెట్ ఇవ్వం అని. వచ్చినవాళ్లే మీ గ్రూపు.

ప్రశ్న: సర్, మీటప్‌కైతే పంపిస్తారు గానీ ట్రెక్ అంటే మా ఇంట్లో ఒప్పుకోరు. ఇక్కడున్న అమ్మాయిలందరికీ అదే ప్రాబ్లం. మేం లేకుండానే పోయి ఫొటోలు పెడతారు వీళ్లు.

ఈ ప్రశ్న ఇంకా రాలేదేంటి అనుకుంటున్నాను. చూడమ్మా, ఇంట్లోవాళ్లని మార్చడం నా వల్ల కాదు, ప్లాన్ మార్చడం మన చేతిలో ఉంది. గ్రూపు నడిపేవాళ్లలో మొదటి రోజు నుంచీ కనీసం ఇద్దరు అమ్మాయిలుండాలి, ఫొటోకి నిలబడటానికి కాదు, చోటు ఎక్కడ, టైం ఎప్పుడు అని తేల్చేదగ్గర. వాళ్లుంటే బాత్రూం ఎక్కడుంది అనే ప్రశ్న ముందే వస్తుంది, అబ్బాయిలకి ఆ ప్రశ్న జన్మలో రాదు. బైకుల మీద కాకుండా బస్సు మాట్లాడండి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇల్లు చేరేవే పెట్టుకోండి మొదటి ఆరు నెలలు, రాత్రి బస, టెంట్లు ఇప్పుడే వద్దు. ఎక్కడికి పోతున్నాం, ఎవరెవరు, ఇద్దరి ఫోన్ నంబర్లు, ఇదంతా ఒక కాగితం మీద ఇంట్లో ఇచ్చి రండి. మీటప్‌లు కూడా అంతే, ఎనిమిదిన్నరకి ముగిసేది పెడితే సగం మంది అమ్మాయిలు ఆరున్నరకే లేచి వెళ్లిపోతారు, నేనిప్పటిదాకా చెప్పిన ఆ చివరి అరగంట వాళ్లకి దక్కదు. మధ్యాహ్నం రెండుకి పెట్టండి.

ఇంకోటి చెయ్యండి. మొదటిది ట్రెక్ అనకండి, కోటలో నడక అనండి, అమ్మల్ని, పిన్నుల్ని కూడా తీసుకురండి. ఖిలా వరంగల్‌లో తోరణాల దగ్గర పొద్దున్నే ఆరున్నరకి. వాళ్లు ఒకసారి వచ్చి మిగతా పిల్లల్ని చూస్తే, రెండోసారి వాళ్లే టిఫిన్ కట్టి పంపుతారు. వచ్చే ఆదివారం వీలవుతుందా? అయితే ఇప్పుడే రాసుకోండి. పేర్లు నాకివ్వకండి, నేను రాత్రికి హైదరాబాద్ వెళ్లిపోతాను, ఈ అమ్మాయికివ్వండి. అమ్మా, నీ దగ్గర పెన్నుందా?